నాలుగు వేళ్ళ ఖాళీ

డేగల పెట్టెలు మీద పడి ఆశన్న చనిపోయాడని కంపెనీ చెప్పింది. ఖాళీ పెట్టె ఎంత బరువుంటుందో కెప్టెన్ వెంకటరాజుకు తెలుసు. ఎన్నోసార్లు ఒంటిచేత్తో విమానంలోకి ఎక్కించాడు. ఆ బరువుకు పిల్లి కూడా చావదు. అయినా అతను నమ్మినట్టే తలూపాడు, కంపెనీ తెప్పించిన పూలదండను శవపేటిక మీద తానే పెట్టాడు. ఆ తర్వాత ఉమ్ అల్ క్వైన్‌లో టాక్సీ ఎక్కి, బర్ దుబాయ్ బట్టల బజారులో దిగాడు.

అది 1983 ఫిబ్రవరి. అబ్రా పడవల నుంచి దిగిన జనం బజారులోకి తోసుకొస్తున్నారు. రాజు ఒక ఇరుకు దుకాణం ముందు ఆగి, తానులు సర్దుతున్న పెద్దావిడను అడిగాడు.

"మంచు రంగు సిల్కు ఉందా?"

"ఈ ఊళ్ళ మంచు ఎవరు చూసిన్రు భాయ్? పాల రంగు ఉన్నది, ఇయ్యాల్నా?"

"పాల రంగు తొందరగా మాసిపోతుంది."

"అట్లయితే లోపలికి రా. గోడౌన్ల చూస్త."

ఆవిడ కుబ్రా బేగం. హైదరాబాద్ నుంచి కుట్టుపనికి వచ్చి, దుకాణం పెట్టుకుని, చాలా ఏళ్ళుగా ఢిల్లీకి దుబాయ్‌లో కన్నూ చెవీ అయిన మనిషి. రాజు వైమానిక దళంలో రవాణా విమానాలు నడిపి, రాజీనామా చేసినట్టు కాగితాలు పుట్టించుకుని, ఉమ్ అల్ క్వైన్‌లో డేగల వ్యాపారం చేసే ఒక కంపెనీలో పైలట్‌గా చేరినవాడు. కంపెనీ అమ్మే డేగలు నిజమైనవే. వాటి చాటున మార్కోస్ అనేవాడు ఒక పరాయి ముఠా కోసం అమ్మే సరుకు మాత్రం వేరు. ఆ సరుకు కదలికలు చెప్పడానికి రాజుకు హ్యాంగర్‌లో ఇద్దరు మనుషులు ఉండేవారు. ఒకడు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన లోడర్ ఆశన్న. రెండో మనిషి రజియా బేగం.

కుబ్రా బేగం చాయ్ గ్లాసు అతని ముందు పెట్టింది.

"సరుకొచ్చింది రాజూ. చూపుడువేలంత స్ఫటికం. మన జలాంతర్గాములు నీళ్ళల్ల చెవిపెట్టి వింటయి కదా, ఆ చెవిలోనిది. అది కొనేటోడికి చేరితే, మనోళ్ళకు ఏం వినబడ్తదో, ఏం వినబడదో మొత్తం తెలిసిపోతది."

"మార్కోస్ దగ్గరుందా?"

"నడుముకు కట్టుకొని తిరుగుతున్నడు. ఇప్పుడే పట్టుకుంటే సరుకు దొరుకుతది గాని కొనేటోడు జారిపోతడు. ఢిల్లీకి కొనేటోడి జాగ కావాలె. అంటే సరుకు అక్కడిదాంక పోవాలె, చేతికి మాత్రం అందొద్దు."

ఆ స్ఫటికం ఉప్పు జాతిదనీ, నీళ్ళు తగిలితే కరిగిపోతుందనీ ఆవిడ చెప్పింది. అందుకే దాన్ని పలచని గాజుగొట్టంలో పెట్టి మూశారు. ఆ గొట్టాన్ని ఇనప క్యాన్‌లో వేసి నీళ్ళు పోసి తీసుకుపోవడం ముఠా అలవాటు. నీళ్ళలో గాజు కనబడదు. పైగా ఎడారి నుంచి వచ్చిన మనిషి నీళ్ళు మోసుకుపోతుంటే ఏ కస్టమ్స్ అధికారీ కారణం అడగడు. ఇంతకాలం సరుకు సైప్రస్‌లో చేతులు మారేది. ఈసారి కొనేవాడు జంకి, ఫిన్లాండ్ ఉత్తరపు కొసన ఒక గడ్డకట్టిన సరస్సు మీదికి రమ్మన్నాడు. పైకి తెల్లడేగల కొనుగోలు అని పేరు.

"రజియాకు గాజు నకిలీ ఇచ్చినం. బయల్దేరేటప్పుడు మార్చాలె. మార్చినదంటే మెడకు ఎర్ర స్కార్ఫ్ కడ్తది. నువ్వేం చెయ్యనక్కర లేదు. మార్చలేకపోతే తెల్ల స్కార్ఫ్."

"ఆ తర్వాత తను నెల్లూరు వెళ్ళిపోతుంది. ఇదే ఆఖరు ట్రిప్పని మాటిచ్చాను, ఆపా."

కుబ్రా బేగం డెస్కు సొరుగులోంచి ఒక గంధపు సబ్బు, ఒక సిగరెట్ లైటర్ తీసి గుడ్డ మీద పెట్టింది.

"ఆశన్న మనోడని ముగ్గురికే ఎరుక. నీకు, నాకు, రజియాకు. నువ్వు చెప్పలే. నేను చెప్పలే. మిగిలింది ఎవరని ఢిల్లీ అడుగుతున్నది. సబ్బు ఆమె సంచిల ఉండాలె. అసలు సరుకే ఆ ఇంట్లకు పోయిందని నీకు నమ్మకం కుదిరితే, లైటర్ చక్రం రెండుసార్లు తిప్పు. ఇల్లు, సరుకు, లోపలున్నోళ్ళు, అన్నీ ఖలాస్."

"లోపల రజియా ఉంటుంది."

"మాట నువ్విచ్చినవు. ఆర్డరు ఢిల్లీ ఇచ్చింది. నడుమ నేనున్న," అందావిడ. "చాయ్ తాగు, చల్లారుతది."

*

రజియా బేగం ఇసుకలో కూడా ఎత్తు మడమల చెప్పులతోనే నడిచేది. కంపెనీలో ఆమె హోదా పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసర్. నల్ల కళ్ళద్దాలు, చెవులకు ముత్యాలు, నాలుగు భాషల్లో నవ్వు. ముదీర్ అని పిలిచే మేనేజరు నుంచి ముఠా దాకా అందరూ ఆమెను తమ మనిషే అనుకునేవారు. నెల్లూరు దగ్గర సముద్రపు ఒడ్డున ఆమె తల్లి పీరాంబీ, తొమ్మిదేళ్ళ కూతురు ఉన్నారు. దుబాయ్‌కి వంటమనిషిగా వచ్చి, తెలివితో పైకొచ్చి, పెట్టెల్లో డేగలు కాక ఇంకేముందో కనిపెట్టిన రోజున ఆమే రాజు దగ్గరికి వచ్చింది. "మా బిడ్డ ఉండే దేశాన్ని అమ్మే బేరంలో నేను లేను సార్," అంది. ఆమెను రెండువైపులా ఆడే మనిషిగా మార్చింది రాజే.

బయల్దేరే రోజు ఉదయం హ్యాంగర్‌లో ముగ్గురే ఉన్నారు. మార్కోస్ ఏడెన్‌లో ఒక గ్రీకు గుమస్తాకు పుట్టి, కరాచీలో చదివి, బహ్రెయిన్‌లో వ్యాపారం నేర్చినవాడు. మంచును విస్కీ గ్లాసులో తప్ప ఎక్కడా చూడలేదు. అతను నడుము విప్పి గాజుగొట్టం తీశాడు. దాని చివర ఉన్న రెండు తీగలకు ఇయర్‌ఫోన్ తగిలించి, గొట్టాన్ని గోటితో తట్టాడు. టిక్ మని శబ్దం. రాజుకు కూడా వినబడింది. గాజు నకిలీ అలా పలకదు.

మార్కోస్ ఆ గొట్టాన్ని క్యాన్‌లోకి జారవిడిచాడు. రజియా నీళ్ళు పోసింది.

"చాలు," అన్నాడు మార్కోస్.

"చాలదు సార్. వెలితి ఉంటే దారంతా నీళ్ళు ఊగుతాయి. ఊగితే గొట్టం క్యాన్‌కి కొట్టుకుని పగులుతుంది," అంది ఆమె ఇంగ్లీషులో. అంచు దాకా పోసింది. పొంగి పొర్లేదాకా పోసింది. మూత అద్దేముందు బుడగ మిగిలిందేమోనని క్యాన్‌ను వేలితో మెల్లగా తట్టి చూసింది. మార్కోస్ మెచ్చుకోలుగా తలాడించి, మూతకు టంకం వేసి, క్యాన్‌ను చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టేశాడు. అక్కడి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకునే వీల్లేదు.

రజియా అద్దం ముందుకు వెళ్ళి, మెడకు ఎర్ర స్కార్ఫ్ కట్టుకుంది.

మార్పిడి జరగలేదని రాజు కళ్ళారా చూశాడు. మార్చలేకపోవడం నేరం కాదు. మార్చానని చెప్పడం నేరం. అబద్ధం చెప్పవలసిన అవసరం అమ్ముడుపోయిన మనిషికి తప్ప ఎవరికుంటుందని అతను తర్కించాడు. ఆ తర్కంలో దోషం లేదు. అతనికి తెలిసిన విషయాల్లోనే ఒకటి తక్కువైంది.

*

రెండింజన్ల ఆ చిన్న విమానం ఉమ్ అల్ క్వైన్ ఇసుక రన్‌వే మీద నుంచి లేచి, ఖోర్ అనే సముద్రపు పాయ మీద ఒక చుట్టు తిరిగి, వాయవ్యానికి ముక్కు తిప్పింది. కింద మడ చెట్లు, చేపల పడవలు, ఒడ్డున ఐస్ ఫ్యాక్టరీ రేకుల కప్పు వెనక్కి జరిగిపోయాయి.

విమానంలో ముగ్గురి హెడ్‌సెట్‌లూ ఒకే తీగకు కలిసి ఉన్నాయి. ఒకరు మాట్లాడితే ముగ్గురికీ వినబడుతుంది. "నాకు అర్థంకాని భాష వద్దు," అని మార్కోస్ మొదటే చెప్పాడు. కనుక రజియా, రాజు తెలుగులో ఒక్క మాట అనుకునే వీలు లేదు. దిగిన చోటల్లా మార్కోస్ నీడలా వెంటే ఉన్నాడు.

బహ్రెయిన్ దాటాక రజియా కిటికీలోంచి చూస్తూ హిందీలో అంది: "పొద్దున ఆ రేకుల కప్పు చూస్తే మా నాన్న గుర్తొచ్చాడు. ఐస్ ఫ్యాక్టరీలోనే ఆయన పుట్టుకా చావూ. ఒక్క పంతం ఉండేది ఆయనకు. ఏ క్యాన్ అయినా పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలి. కొత్తవాడెవడన్నా నిండా పోస్తే చెంప పగిలేది."

"నీళ్ళలో కూడా కమీషన్ కొట్టేవాడన్నమాట మీ నాన్న," అని నవ్వాడు మార్కోస్ వెనక నుంచి.

"అలాగే అనుకోండి సార్," అని ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే రాజు వైపు తిరిగి చూసింది. ఆ చూపు అవసరానికన్నా ఎక్కువసేపు నిలిచింది. రాజు ఆయిల్ ప్రెషర్ ముల్లు చూస్తున్నాడు. నీరు గడ్డకడితే పెరుగుతుందన్న పాఠానికి అతనికి ఇంటర్మీడియెట్‌లో మంచి మార్కులే వచ్చాయి. కానీ భీమవరంలో పుట్టి, తాంబరంలో ఎగరడం నేర్చి, ఎండ తప్ప వేరే శత్రువును ఎరగని మనిషికి ఆ పాఠం పుస్తకంలోనే ఉండిపోయింది. ఆ క్షణంలో అతని కళ్ళముందు ఉన్నది ఆశన్న శవపేటిక.

సైప్రస్‌లో పెట్రోలు నింపుతున్నప్పుడు రాజు ఆమెకు సబ్బు ఇచ్చాడు.

"ఏంటిది కెప్టెన్?"

"చలి దేశం. అక్కడి సబ్బు చర్మానికి పడదంటారు."

రజియా వాసన చూసింది. "ఈ దుబాయ్‌లో నాకు సెంట్లు ఇచ్చినోళ్ళున్నారు, గడియారాలు ఇచ్చినోళ్ళున్నారు. సబ్బిచ్చిన మగమనిషివి నువ్వొక్కడివే," అని ఇంగ్లీషులో వేళాకోళమాడి, దాన్ని భుజానికి వేలాడే సంచిలో వేసుకుంది. మార్కోస్ పగలబడి నవ్వాడు. రాజు కూడా నవ్వాల్సి వచ్చింది.

వియన్నా దాటాక నేల రంగు మారింది. మొదట బూడిద, తర్వాత తెలుపు. ఫిన్లాండ్ చేరేసరికి తెలుపు తప్ప మరో రంగు లేదు. రోజంతా ఎగిరినా ఒక పొలం గట్టు గానీ, ఒక పొగ గానీ కనబడదు. పైన్ అడవి మీద అడవి, మధ్యలో కళ్ళు మూసుకున్నట్టున్న సరస్సులు. ఇంజన్ల మోత తప్ప సృష్టిలో శబ్దమన్నదే లేదనిపించే చోట్లు. అంత ఖాళీ మీద ఎగురుతుంటే, మనిషికి తన మనసులో ఉన్నదే బయట పరిచినట్టు ఉంటుంది. రాజు పక్క సీటు వైపు చూడకుండా నడిపాడు.

ఆఖరు మజిలీలో, మంచు గట్ల మధ్య ఉన్న చిన్న విమానాశ్రయంలో, మార్కోస్ చెక్కపెట్టెను హోటల్ గదికి తీసుకెళ్దామన్నాడు.

"వద్దు సార్," అంది రజియా. "హోటల్ గదులు సోదా చేస్తారు. విమానం తాళం వేసి ఉంటే ఎవరూ ముట్టుకోరు. వెనక సామాన్ల అరలోనే ఉండనివ్వండి."

మార్కోస్ ఒప్పుకున్నాడు. ఆ అరకు హీటర్ లేదు. ముఠా సరుకును ఆమె ఇంత జాగ్రత్తగా కాపాడుతోందేమిటని రాజు బాధపడ్డాడు. ఇక సందేహించడానికి ఏమీ మిగల్లేదనుకున్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం, సూర్యుడు అడవి అంచున ఎర్రగా వేలాడుతుండగా, అతను సరస్సు మీద దిగాడు. మంచు ఊడ్చి దారి చేశారు. ఒడ్డున దుంగల ఇల్లు, పొగగొట్టం, ముగ్గురు మనుషులు. ఇంటి ముందు ఆపమని వాళ్ళు చేతులూపారు. రాజు వినిపించుకోనట్టు విమానాన్ని సరస్సు అవతలి కొసకు తీసుకుపోయి ఆపాడు. లైటర్ సంకేతం అందేంత దగ్గర, పేలుడు అందనంత దూరం.

"ఇంత దూరమా?" అన్నాడు మార్కోస్.

"అక్కడ మంచు పలచన. బరువు ఆగదు," అన్నాడు రాజు.

రజియా అతని వైపు వింతగా చూసింది. మార్కోస్ చెక్కపెట్టెను చిన్న స్లెడ్జి మీద కట్టాడు. ఇద్దరూ నడిచారు. తెల్లటి బయలులో ఎర్ర స్కార్ఫ్ చిన్నదవుతూ, చివరకు కుంకుమ బొట్టంత అయి, దుంగల ఇంట్లోకి వెళ్ళి ఆరిపోయింది.

రాజు ఇంజన్లు ఆపలేదు. చలికి ఆపితే మళ్ళీ అందుకోవు. లైటర్ చేతిలోకి తీసుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లను గుర్తు తెచ్చుకున్నాడు. ఆశన్నను గుర్తు తెచ్చుకున్నాడు. సముద్రం అడుగున చీకట్లో చెవి ఒగ్గి కూర్చున్న మనవాళ్ళను గుర్తు తెచ్చుకున్నాడు. ఆ నావికుల పేర్లు అతనికి తెలియవు. అయినా తూకం వాళ్ళవైపే మొగ్గింది.

చక్రం రెండుసార్లు తిప్పాడు.

ఏమీ కాలేదు.

మళ్ళీ తిప్పాడు. చలికి బ్యాటరీ చచ్చిందనుకుని, లైటర్‌ను అరచేతుల్లో రుద్ది, ఊపిరి ఊది, మూడోసారి తిప్పాడు. పొగగొట్టంలోంచి పొగ నిదానంగా వస్తూనే ఉంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. రజియా పరుగెత్తుకొస్తోంది. చెప్పులు లేవు. ఉత్త మేజోళ్ళతో మంచు మీద పరుగు. భుజాన సంచి ఎగిరెగిరి పడుతోంది. వెనక మార్కోస్, చేతిలో పిస్తోలు. రాజు బ్రేకులు వదిలి విమానాన్ని ఆమెకు ఎదురు నడిపాడు. ఆ దూరం ఎంతకూ తరగలేదు. మొదటి గుండు మంచును చిమ్మింది. రెండోదీ అంతే. తలుపు తెరిచి అతను చెయ్యి చాచాడు. ఆమె వేళ్ళు అతని వేళ్ళకు తగిలిన క్షణంలో మూడోది పేలింది.

లోపలికి లాగి, థ్రాటిల్ ముందుకు తోశాడు. విమానం పైన్ చెట్ల కొసలు రాసుకుంటూ లేచింది.

*

రజియా పక్క సీట్లో వాలి ఉంది. రాజు తన కోటు ఆమె నడుముకు బిగించి కట్టాడు. నెత్తురు కోటులోంచి కూడా వచ్చింది.

"పగిలింది రాజుగారూ," అంది ఆమె. వారం రోజుల తర్వాత నోటికొచ్చిన మొదటి తెలుగు మాట అది. "పెట్టె ఊడదీసేతలికి క్యాన్ పొట్ట పగిలి ఉండాది. లోపలంతా ఒకటే గడ్డ. పొయ్యి మీద పెట్టినారు. కరిగినాక గాజుపెంకులు బయటపడినాయి. ఉప్పునీళ్ళు. ఆ ఇయర్‌ఫోను పెట్టుకుని తట్టతా ఉండాడు పిచ్చోడు మార్కోసు, ఉత్త తీగల్ని."

"నిండా పోశావు."

"నిండా పోసి మూసినా. నీళ్ళు కూడా చలికి కాళ్ళు చాపుకుంటాయి తల్లీ, జాగా వదలకపోతే ఇల్లు పగలగొడతాయి అనేవాడు మా నాయన. దుబాయోడికి ఆ సంగతి ఏం తెలుసు? మార్చేదానికి సందు ఇవ్వలా వాడు. అందుకని చలికే అప్పజెప్పి, ఎర్ర స్కార్ఫు కట్టినా." ఆమె ఊపిరి కోసం ఆగింది. "మీకు చెప్పినా గదా, నాలుగు వేళ్ళని. అర్థం కాలా?"

రాజు అయిదు దేశాల మీదుగా ఎగిరి అర్థం చేసుకోలేనిదాన్ని, మార్కోస్ ఆ పొయ్యి ముందు ఒక్క నిమిషంలో అర్థం చేసుకున్నాడు: పొర్లేదాకా పోసిందెవరు, విమానంలో వదిలేద్దామన్నదెవరు. మార్కోస్, కొనేవాళ్ళు అరుచుకుంటుండగా ఆమె తలుపు తీసింది.

"ఆశన్న సంగతి నేను చెప్పానని అనుకుంటన్నారా మీరు?" అందామె కాసేపటికి.

అతను కోటు ముడిని ఇంకా బిగించాడు.

"నేను చెప్పలా. ఎవురూ చెప్పలా. మీరు హ్యాంగర్లో ఆయన పక్కన అట్ట మీద కూసోని అన్నం తిన్నారు. మార్కోసు చూసినాడు. కెప్టెన్ అనేవాడు లోడర్ పక్కన నేల మీద కూసోని తింటాడా, వీళ్ళ మధ్య ఏందో ఉండాదన్నాడు. ఆయన్ని కొట్టి అడిగినారు. పాపం, నోరు తెరవలా. మీ పేరు చెప్పలా. అందుకే మీరు బతికుండారు."

ఆ రోజు రాజుకు గుర్తుంది. హ్యాంగర్ మూల నుంచి "పచ్చిపులుసన్నం ఉన్నది, జర తింటవా సారూ?" అన్న పిలుపు. నెలల తరబడి ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ తప్ప వినని చెవికి ఆ తెలుగు సోకగానే హోదా, వేషం, జాగ్రత్త అన్నీ మరిచి చతికిలబడ్డాడు. ఒకే గిన్నెలో ఇద్దరూ తిన్నారు. "మీ పక్క పులుసుల బెల్లం ఏస్తరట గద, ఛీ," అని ఆశన్న వెక్కిరించాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కడుపు నిండా నవ్వారు. దాని తర్వాతే ఆశన్న చావు వచ్చింది. ఆ చావు నుంచి ఢిల్లీ అనుమానం పుట్టింది, అనుమానం సబ్బుగా మారింది, సబ్బు కోసం విమానం సరస్సు అవతలి కొసన ఆగింది.

ఆమె కూడా దాని గురించే ఆలోచిస్తున్నట్టుంది.

"అంత దూరం ఎందుకు ఆపినారు రాజుగారూ?"

ఇంజన్ల మోతలో వినబడనట్టు అతను ముందుకే చూశాడు. కింద అడవి మీద అడవి, కళ్ళు మూసుకున్న సరస్సులు. ఆమె మళ్ళీ అడగలేదు. కాసేపటికి అతను తిరిగి చూసేసరికి ఆమె కిటికీకి తల ఆనించి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆఖరు మజిలీ చేసిన పట్నంలో నాలుగు తాతార్ ముస్లిం కుటుంబాలున్నాయి. వాళ్ళే వచ్చి జనాజా నమాజు చదివారు. నేల రాయిలా గడ్డకట్టి ఉంటే, కట్టెల మంట వేసి, కాచి, కరిగించి, గోరి తవ్వారు. మూడు గుప్పెళ్ళ మట్టి వెయ్యమని రాజుకు కూడా దారి ఇచ్చారు. వేడి మట్టి. నెల్లూరు మట్టిలా వెచ్చగా ఉందని అతనికి అనిపించింది.

ఆమె సంచి అతనికి ఇచ్చారు. అందులో పౌడరు డబ్బా, సబ్బు, చిన్నపిల్లల ఉన్ని చేతితొడుగులు ఒక జత ఉన్నాయి. ఆఖరు మజిలీలో కూతురి కోసం కొన్నవి. నెల్లూరులో వాటితో ఏ పనీ ఉండదు.

*

మార్చి నెలకే బర్ దుబాయ్‌లో ఎండ చురుక్కుమంటోంది. కుబ్రా బేగం దుకాణం తలుపు మూసి, ఫ్యాన్ పెంచింది. రాజు జరిగినదంతా వరసగా చెప్పాడు. కొనేవాడి జాగా ఢిల్లీకి తెలిసింది. సరుకు ఉప్పునీళ్ళయింది. మార్కోస్ ఆ సరస్సు దగ్గర నుంచి ఏ విమానాశ్రయానికీ చేరినట్టు లేదు.

అతను సబ్బును గుడ్డలో చుట్టి, కుదుపు తగలకుండా, బల్ల మీద పెట్టాడు.

"మూడుసార్లు తిప్పాను, ఆపా. పేలలేదు. లోపల మందు ఇంకా అలాగే ఉంటుంది. జాగ్రత్త."

కుబ్రా బేగం గుడ్డ విప్పింది. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తీసుకుని, సబ్బును మధ్యకు కోసింది. రాజు గభాలున లేచాడు. రెండు ముక్కలూ లోపలి దాకా ఒకటే పసుపు.

"ఢిల్లీ పంపింది ఎప్పుడో క్రీకు నీళ్ళల్ల పారేసిన," అందావిడ. "ఇది పక్క దుకాణంల కొన్నది. నువ్వు తిప్పుతవని నాకెరుక. రజియా ఎసోంటిదో కూడ ఎరుక. అందుకే ఉత్త సబ్బు ఇచ్చిన."

"నాకు చెప్పలేదు."

"నీ ముఖంల అబద్ధం నిలువదు. మార్కోస్ పట్టేస్తడని చెప్పలే." ఆవిడ అడిగింది. "విమానం ఎక్కడ ఆపినవు?"

"లైటర్ అందేంత దగ్గర. పేలుడు అందనంత దూరం."

కత్తెర ఆవిడ చేతిలోంచి బల్ల మీదికి జారింది. బయట ఎవరో చీర బేరమాడుతున్నారు.

"చెప్పి ఉంటే దగ్గర ఆపేటోడివి," అంది చివరకు. "ఇంటి ముంగట్నే ఆపేటోడివి. రెండడుగులల్ల ఎక్కేది పిల్ల. అంటే నేను కాపాడనీకి ఇచ్చిన సబ్బే..."

రాజు చేతితొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు. "నెల్లూరు ఎవరు తీసుకెళ్తారు?"

"నువ్వే పో. పీరాంబీ ముంగట కూసో. ఏం చెప్పాలెనో అక్కడికి పోయినంక నోటికొస్తది. రాకపోతే ఊకె కూసో." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. సబ్బు ముక్క ఒకటి అతని చేతికిచ్చి, వెనకనున్న నల్లా వైపు తోసింది. రాజు చెయ్యి తడిపి రుద్దాడు. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మణికట్టు దాకా రుద్దాడు. ఆపమని ఆవిడ చెప్పేదాకా రుద్దుతూనే ఉన్నాడు. గంధపు వాసన దుకాణమంతా నిండింది.

కుబ్రా బేగం మిగిలిన ముక్కతో తన చేతులు కూడా కడుక్కుంది. తర్వాత పాత తువ్వాలు అతనికి అందిస్తూ అంది:

"పొద్దున ఢిల్లీ నుంచి కబురొచ్చింది. మిషన్ సక్సెస్ అట, ముబారకులట. పంపిన పరికరం ఎట్ల పనిచేసిందో రాయమన్నరు. నురగ మంచిగొస్తున్నదని రాస్త."